టీవీ అంచున దాచిన అంకెలు

ఈ బరువు మోయబట్టి అయిదేళ్ళు దాటింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. నా చెల్లెలు మాధవి హైదరాబాద్ చదువును నేను చెడగొట్టాను. పొరపాటున కాదు. కావాలనే.

మాది సూర్యాపేట. మా నాయన తిరుమలగిరి దగ్గర గొర్ల మంద వెంట తిరుగుతూ చదువుకుని, ఇక్కడ ఒక ఆఫీసులో అటెండరయ్యాడు. నాకు ఇంజనీరింగ్ ర్యాంకు వచ్చిన ఏడాది, "ఆడపిల్లకు హైదరాబాద్ ఎందుకు బిడ్డా, సూర్యాపేటల డిగ్రీ లేదా" అన్నాడు. నేను ఏడవలేదు. మా ఇంటి పద్ధతి అంతే అనుకున్నాను. డిగ్రీ చేసి, ఊళ్ళోనే ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పడానికి చేరాను. ఆరేళ్ళ తర్వాత మాధవికి ర్యాంకు వచ్చింది. నాకంటే గొప్ప ర్యాంకేమీ కాదు. నాయన మిఠాయి పట్టుకొచ్చి, "దీన్ని హైదరాబాదే పంపుదాం" అన్నాడు. మిఠాయి ముక్క ఇంకా నా చేతిలోనే ఉంది. ఆ పద్ధతి ఇంటిది కాదు, నా ఒక్కదానికే పెట్టిందని అప్పుడు తెలిసింది. నన్ను మోసం చేశారనిపించింది. చేసింది నాయన కదా, మరి మాధవి మీద కక్ష ఎందుకు? ఈ ప్రశ్న ఆ రోజు వేసుకోలేదు. వేసుకుని ఉంటే ఆగేదాన్నా? ఆగేదాన్నని ఇప్పటికీ గట్టిగా చెప్పలేను.

అప్పటికి కౌన్సెలింగ్ ఇంటర్నెట్‌లోకి వచ్చింది. పేజీలో కాలేజీల పేర్లు ఉంటాయి. ఏది ముందు కావాలో, ఏది తర్వాతో పక్కన గడిలో నంబరు వేయాలి. ఒకటో నంబరు నుంచి చూసుకుంటూ వచ్చి, సీటు దొరికిన చోట ఆపేస్తారు. మాధవి కాగితం మీద మొదటి పదకొండూ హైదరాబాద్ కాలేజీలు రాసుకుంది. అవేవీ రాకపోతే చూద్దామని, చివర పన్నెండోదిగా కోదాడ కాలేజీ రాసింది.

ఆప్షన్లు పెట్టడానికి రెండు రోజుల ముందు మా కంప్యూటర్ మానిటర్ పోయింది. నెట్ సెంటర్‌కు పోదామంది మాధవి. ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుని బయట లైన్లో నిలబడడం నాయనకు నామోషీ. మర్నాడు నేను ఇన్‌స్టిట్యూట్ నుంచి ఒక వైరు తెచ్చాను. ఒక కొస కంప్యూటర్ వెనక గుండ్రటి సాకెట్‌లోకి, రెండో కొసన ఉన్న పసుపు పిన్ను టీవీలోకి. వైరు పెట్టాకే కంప్యూటర్ ఆన్ చేయాలి, లేకపోతే టీవీ ఒకటి ఉందని దానికి తెలియదు. మొదట బొమ్మ తెలుపు నలుపులో వచ్చింది. సెట్టింగు మార్చి రంగులు తెప్పించాను. నాయన పక్కింటివాళ్ళను పిలిచి మరీ చూపించాడు.

కానీ అది పాత డబ్బా టీవీ. అక్షరాలు అలుక్కుపోయేవి. నాలుగు అంచులూ తెర బయటికి పోయేవి. ఆప్షన్ల పేజీలో నంబర్ల గళ్ళు సరిగ్గా ఎడమ అంచునే ఉన్నాయి. పేర్లు కనిపిస్తాయి, పక్కన వేసిన నంబరు కనిపించదు.

ఆప్షన్లు పెట్టే రోజు మధ్యాహ్నం మాధవి టీవీకి ముక్కు ఆనించినట్టు కింద కూర్చుని కాగితం చదివింది. నేను కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని కొట్టాను. తనకు అన్నిటికంటే ఇష్టమైన హైదరాబాద్ కాలేజీకి ఒకటి అంది. నేను పన్నెండు కొట్టాను. చివర కోదాడకు పన్నెండు అంది. ఒకటి కొట్టాను. తను ఒకసారి వెనక్కి తిరిగింది.

"అక్కా, నంబర్లు కనపడ్తలేవు. ఒకటో నంబర్ మన హైదరాబాద్‌దే గదా?"

"గదే. టీవీల అంచులు గట్లనే పోతయ్."

"సరే. నువ్వు కొడ్తున్నవ్ గదా, సాలు."

సాలు అంది. ఆ మాట విన్నాక కూడా నా వేళ్ళు వెనక్కి పోలేదు. మా ఇంట్లో ప్రింటర్ లేదు. ప్రింట్ ఇన్‌స్టిట్యూట్‌లో తీసుకొస్తానన్నాను. తేలేదు. సాయంత్రం దాకా మార్చుకునే వీలుంది, పాస్‌వర్డ్ కాగితం నా బ్యాగులోనే ఉంది. బ్యాగు తెరవలేదు.

కోదాడలో సీటు వచ్చింది. మాధవి రెండు రోజులు సరిగ్గా తినలేదు. మానిటర్ బాగుచేయించని తన పాడు బుద్ధిని నాయన తిట్టుకున్నాడు. నేను పక్కనే నిలబడి విన్నాను. చుట్టాలు అడిగితే మాధవే చెప్పేది: "టీవీల కనపడక నంబర్లు తారుమారైనయ్. అక్కనేమనకుండ్రి, జర పరేషాన్‌ల ఉంది." నాలుగేళ్ళు రోజూ బస్సులో కోదాడకు పోయి వచ్చింది. అక్కడి స్నేహితుల ఆంధ్రా యాస అంటుకుని "ఉంటుంది, వస్తుంది" అంటుంటే నాయన ఆటపట్టించేవాడు. సాయంత్రం తను ఇల్లు చేరితే నాకు సంతోషంగా ఉండేది. ఆ సంతోషం గుర్తొస్తేనే నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఇప్పుడు తను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తోంది. పోయిన నెల ఇంటికి వచ్చి, మిల్లు ఫొటోలు నాయనకు చూపిస్తానని ల్యాప్‌టాప్‌ను కొత్త టీవీకి కలిపింది. నీలం పిన్నుల వైరు. బొమ్మ ఎడమ అంచు కనిపించలేదు. రిమోట్ తీసుకుని ఏదో నొక్కింది. బొమ్మ మెల్లగా లోపలికి జరిగి, అంచు బయటపడింది. తను తెరను చూస్తూనే అడిగింది.

"అక్కా, గప్పుడు గూడ గిట్ల జరపొస్తుండెనా?"

నాయన కుర్చీలోంచి నా వైపు చూశాడు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఎప్పుడు వస్తుంది?

"ఆ టీవీకి రాకపోయేది," అన్నాను.

"ఔనా," అంది. ఫొటోలు చూపించింది. మర్నాడు బస్సెక్కేదాకా నా ముఖం చూడలేదు. తెలుసుకుందా? తెలుసుకుని ఊరుకుందా? అడిగే అర్హత నాకు లేదు.

తనకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. దీనితో తప్పు చెరిగిపోదు, కాస్త ఊపిరి మాత్రం ఆడుతోంది. మిగిలిన ఒక్క మాట కూడా చెప్పేస్తాను.

ఆ టీవీకి కూడా వచ్చేది. వైరు తెచ్చిన రోజు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఆప్షన్ల పేజీ తెరిచి, సెట్టింగుల్లోకి పోయి బొమ్మను లోపలికి జరిపి చూశాను. నంబర్ల గళ్ళన్నీ కనిపించాయి. మళ్ళీ బయటికి జరిపేశాను.