కోతల తాత మూసిన నోరు

పళ్ళ కాలేజీ పిల్లలకు ముసలివాళ్ళంటే కోపమేమీ ఉండదు. బయట కనిపిస్తే చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తారు, బస్సులో లేచి సీటిస్తారు. ఆ ముసలివాళ్ళు వచ్చి తమ కుర్చీలో కూర్చుంటేనే గుండెల్లో రాయి పడుతుంది. కుర్రవాడి పిప్పిపన్ను అయితే పూటలో పూడ్చి చేతులు దులుపుకోవచ్చు. పెద్దాయన అలా కాదు. కుర్చీ ఎక్కించి, కళ్ళజోడు తీయించి, షుగరు మాత్ర వేసుకున్నారా అని అడిగితే, వేసుకున్నానా లేదా అని ఆయన ఆలోచించి, ఇంటికి ఫోను చేసి కనుక్కునేసరికి పూట కాస్తా హరించుకుపోతుంది.

అందుకే పొద్దున్నే పేషెంట్ల చీటీలు రాగానే పిల్లలు ముందు వయసు చూసేవారు. పెద్ద అంకె కనబడితే పక్కవాళ్ళ చేతిలో పెట్టి మాయమయ్యేవారు. ఒకరోజు అలా చేతులు మారి మారి అలిసిపోయిన చీటీ ఒకటి 'చకచక' దగ్గర ఆగింది. ఆ పేరు ఆమెకు ఊరికే రాలేదు. పళ్ళు తోముకుంటూనే జడ వేసుకునేది, జడ వేసుకుంటూనే పాఠం పేజీ తిప్పేది. ఆ అమ్మాయికి చేతులు ఎన్ని అని హాస్టల్లో పందాలు కాసేవారు.

"కంగ్రాట్స్ తల్లీ! కోతల తాత నీకే తగిలాడు," అంది పక్క కుర్చీ స్నేహితురాలు. "పోయిన బ్యాచ్ అబ్బాయి ఈయన కథలు వింటూనే గడ్డం పెంచేశాడు."

"నోట్లో ఒక్క పన్ను లేదటగా, ఇంక కథలేం చెప్తాడే?"

"చూస్తావుగా."

నవ్వాలనిపించలేదు చకచకకి. ఈ విభాగంలో పోస్టింగు ముగిసేలోగా ఒకరికి పూర్తి కట్టుడు పళ్ళు చేసిపెట్టాలి. లేకపోతే పరీక్షకి పంపరు, జూనియర్లతో కూర్చోవాలి. మిగిలిన కేసు ఈ తాత ఒక్కడే.

తాత ఒకప్పుడు సిటీ బస్సు డ్రైవరు. ఇస్త్రీ చొక్కాతో వచ్చి, కుర్చీలో సర్దుకుని కూర్చుని, ముందు తల మీది లైటును కాస్త ఇటు, కాస్త అటు తిప్పాడు, వెనక వచ్చే బండ్లు కనబడాలన్నట్టు.

"పళ్ళన్నీ ఎలా పోయాయి తాతగారూ?"

"బ్రేకులు ఫెయిలయ్యాయమ్మా. పల్లపు రోడ్డు. బస్సు నిండా జనం. ఇంకేం చేస్తాను? కిందికి దూకి, వెనక్కి పరిగెత్తి, బంపర్ని పళ్ళతో పట్టుకుని ఆపాను. బస్సు ఆగింది. పళ్ళు బంపర్లోనే ఉండిపోయాయి. డిపోకి రా, చూపిస్తా."

ఆమె తల కూడా ఎత్తలేదు. కాగితం మీద 'పళ్ళు ఎందుకు కావాలి' అన్నచోట 'నమలడం కష్టం' అని ఆయన్ని అడక్కుండానే రాసేసింది. ముసలివాళ్ళకు అందరూ రాసేది అదే.

తాత తొంగిచూశాడు. "నమలడానికి కాదమ్మాయ్. మెత్తగా వండితే చిగుళ్ళతోనే లాగించేస్తా. మా ఆవిడకి చెవులు పూర్తిగా పోయాయి. నా పెదాలు చూసి మాట పోల్చుకునేది. పళ్ళు పోయాక పెదాలు లోపలికి ముడుచుకుపోయాయి కదా, ఇప్పుడు నేనేం చెప్పినా దానికి అందట్లేదు. నవ్వాల్సిన చోట 'అయ్యో పాపం' అంటోంది."

బంపరు కథకి ఇది తమ్ముడు కాబోలు అనుకుంది చకచక. "నోరు తెరవండి," అంది.

చిగుళ్ళ అచ్చులు తీయడం సాఫీగానే సాగింది. గొడవంతా దవడ కొలత దగ్గర వచ్చింది. పై చిగురు మీద ఒక మైనం కట్ట, కింది చిగురు మీద ఒకటి పెట్టి నోరు మూయించి, రెండూ ఎక్కడ కలుస్తాయో చూడాలి. పళ్ళు లేని దవడకి అడ్డూ ఆపూ ఉండదు, ఎటు నెడితే అటు పోతుంది. పైగా తాత మొహమాటస్తుడు. "ఇలాగేనా అమ్మా? ఇంకొంచెమా?" అని ఆమె మొహం చూసేవాడు. ఆమె కనుబొమలు ముడిపడితే దవడ ఇంకాస్త ముందుకు తోసేవాడు. "ఆఁ, చాలు," అనగానే అక్కడే బిగించేశాడు.

మైనం మీద పళ్ళు పేర్చి, తాత నోట్లో పెట్టి, కేసుకి సంతకం పెట్టాల్సిన మేడమ్‌కి చూపించింది. మేడమ్ తాత గడ్డాన్ని రెండు వేళ్ళతో మెల్లగా వెనక్కి జార్చింది. పై పళ్ళు కింది పళ్ళ ముందు చూరులా వేలాడాయి.

"ఎవరి దవడ కొలిచావమ్మా? మళ్ళీ మొదటినుంచీ."

పోస్టింగు ఆ శనివారంతో సరి. మేడమ్ అటు వెళ్ళగానే చకచక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎందుకు తాతగారూ అలా ముందుకు తోశారు?"

"నువ్వు తొందరలో ఉన్నావు కదమ్మా," అన్నాడు తాత నేరస్తుడిలా. "సాయం చేద్దామని."

మర్నాడు మళ్ళీ మైనం కట్టలు పెట్టింది. "వదులుగా ఉంచండి" అంటే తాత కొయ్యబారిపోయేవాడు. "గుటక వేయండి" అంటే గోళీసోడా మొత్తం ఒక్కసారే మింగినట్టు మింగేవాడు. చెప్పినకొద్దీ దవడ మొండికేసింది.

ఆ రోజు తాత వెంట ఆయన భార్య వచ్చింది. గోడ పక్కన నిలబడి అంతా చూస్తోంది. మైనం తీసినప్పుడు తాత ఆమె వైపు తిరిగి, చేతులు తిప్పుతూ ఏదో హాస్యమాడాడు. ఆవిడ ఆయన పెదాలకేసి కళ్ళు చికిలించి చూసి, చూసి, "అయ్యో పాపం," అంది.

చకచక చేతులు ఆగిపోయాయి. ఈయన చెప్పినవాటిలో ఇది ఒక్కటి నిజం. దాన్నే తాను వినలేదు.

ఆవిడకి ఎదురుగా ఒక స్టూలు వేసింది. తానూ ఇంకొకటి లాక్కుని, ఆ పోస్టింగులో మొదటిసారి తాత పక్కన కూర్చుంది.

"బంపరు కథ మామ్మగారికి చెప్పారా?"

"చెప్పకేం! కానీ అది పళ్ళు పోయాక తయారైన కథ. దానికి ఇంకా చేరలేదు."

"ఇప్పుడు చెప్పండి. నాకు తొందరేం లేదు." మైనం కట్టలు మళ్ళీ పెట్టి, ఆయన గడ్డం కింద వేలు ఆనించి ఊరుకుంది.

మైనం దన్నుతో తాత పెదాలు మునుపటిలా నిండుగా ముందుకొచ్చాయి. ఆయన పల్లపు రోడ్డు దగ్గర మొదలుపెట్టాడు. ఆవిడ కళ్ళు ఆ పెదాల మీద నిలిచాయి. బ్రేకులు పోయాయి. జనం కేకలు పెట్టారు. తాత దూకాడు, బంపరు కరిచాడు. ఆవిడ మొహం మెల్లగా విచ్చుకుంది.

"సిగ్గులేదూ మీకు!" అని గది దద్దరిల్లేలా నవ్వింది. "డిపో గోడకి గుద్ది ఊడగొట్టారు ఆ బంపర్ని! మీ పళ్ళు చిగుళ్ళ జబ్బుతో పోయాయి!"

తాత పరమ తృప్తిగా నోరు మూశాడు.

దవడ తనంతట తాను ఆగిన ఆ చోటే అసలు చోటు. చకచక రెండు మైనాల మీదుగా నిలువునా ఒక గీత గీసింది. ఇంకో కోత కోయించింది. అది ముగిసి నోరు మూసుకున్నప్పుడు పై గీత, కింది గీత సరిగ్గా కలిశాయి.

శనివారం తయారైన పళ్ళు పెట్టాక మేడమ్ ఆ గడ్డాన్ని మళ్ళీ వెనక్కి జార్చి చూసింది. పళ్ళు కదిలితేగా! సంతకం పెట్టింది.

"నీ మేలు మరిచిపోనమ్మా," అన్నాడు తాత.

"మీరు నాకు చేసింది మీకు తెలీదు తాతగారూ," అంది చకచక.

ఇప్పుడు ఆమెకు సొంత ఆసుపత్రి ఉంది. పేషెంటు కుర్చీకి ఎదురుగా, తోడు వచ్చినవాళ్ళకి ఒక స్టూలు ఉంటుంది. పెద్దవాళ్ళెవరొచ్చినా, పళ్ళు ఎందుకు కావాలో అడిగి, చెప్పేదాకా ఆగి, అప్పుడు రాస్తుంది. మిగతా పనులన్నీ చకచకే. ఇదొక్కటే ఎందుకు నిదానమని ఎవరైనా అడిగితే తాత పేరు చెబుతుంది, బంపరుతో సహా.

ఆ శనివారం సంతకం కాగితం పట్టుకుని ఆమె కిటికీ దగ్గర నిలబడింది. కింద బస్టాపులో తాత, మామ్మగారు ఎదురెదురుగా నిలబడ్డారు. బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు హారన్ కొట్టాడు. జీవితమంతా బస్సు నడిపిన మనిషి వెనక్కి తిరిగి చూడనైనా చూడలేదు, పొమ్మని చెయ్యి ఊపాడు. కథ ఇంకా మధ్యలో ఉంది. మామ్మగారు ఆయన పెదాల మీంచి చూపు తిప్పలేదు.