అత్తమ్మ తెచ్చిన ఉగ్గుగిన్నె

బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసే ఆపరేషనైన కొన్నాళ్లకు, నారాయణపేట దగ్గర మా ఆడబిడ్డ కొడుకు పుట్టువెంట్రుకల విందుకు వెళ్లాం. గొర్రెలు పెంచే ఇళ్లు మావి. యాటకూర వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. అత్తమ్మ వేసిన ముక్కలన్నీ తినేశాను. కాసేపటికే చెమటలు పట్టి, బంతిలో అందరి ముందూ విస్తరిలోనే కక్కుకున్నాను.

"మళ్లీ కడుపుతోని ఉన్నదా ఏంది?" అని ఎవరో నవ్వారు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

అత్తమ్మ కొంగుతో నా మూతి తుడిచింది. "తల్లి లేని గొర్రెపిల్లకు గుక్కెడు గుక్కెడే పాలు తాపుత గదా! నీకెందుకు గిట్ల కుక్కిన బిడ్డా?" అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది.

తర్వాతి విందులో నేను కూర్చోగానే, మా ఆయనకు చిన్నప్పుడు పాలు పట్టిన ఉగ్గుగిన్నె తీసి నా విస్తరిలో పెట్టింది. "నా కోడలికి గిండ్లనే వడ్డించుర్రి" అంది గట్టిగా. వద్దని చెప్పలేని నా నోటికి, ఆ రోజు నుంచి ఆ గిన్నే మాట.