ఎల్లాజీ ఇచ్చిన తాడు

మరపడవలు నిండిపోతున్న చేపల రేవులో మసేనుకు ఇల్లూ వాకిలీ తన పాత తెరచాప పడవే. భార్య పోయిన నాటి నుంచి వంటా పడకా అందులోనే. పొద్దున్నే గంగమ్మ తల్లికి దండం పెట్టుకుని, తెరచాప కొయ్యను నిలబెట్టే తాళ్ళను ఒక్కొక్కటే వేళ్ళతో తడుముతాడు. పురి విప్పి లోపల చూస్తాడు. కార్తీకంలో వచ్చే తుఫానుకు వైశాఖంలోనే తాడు మారుస్తాడు. "ఏటి బావా, పెళ్ళికూతురి జడలా నిమురుతన్నావ్?" అని పక్క పడవ ఎల్లాజీ వేళాకోళమాడితే, "జడ తెగితే మళ్ళీ పెరుగుతాది బావా. ఇది తెగితే మనముండం" అనేవాడు. నిన్న ఆ ఎల్లాజీయే ఓడవాళ్ళు పారేసిన నైలాను తాడు తెచ్చి, "సగం నాకు, సగం నీకు. ఈ కార్తీకం గట్టెక్కేత్తాం" అంటూ కోసి ఇచ్చాడు. ప్రేమగా ఇచ్చినదాన్ని మనిషి ఎదుటే పురి విప్పి చూడడం మర్యాద కాదని మసేను ఊరుకున్నాడు.

ఈ ఉదయం విప్పి చూశాడు. పైకి నిగనిగలాడే తాడు లోపల పిండిపిండిగా రాలింది. గబుక్కున పక్కకు తిరిగాడు. ఎల్లాజీ పడవ లేదు. రోజూలాగే గంజి గిన్నె తెచ్చిన ఎల్లాజీ భార్య పోతమ్మ, "సీకటుండగానే ఎల్లిపోనాడన్నియ్యా. కొత్త తాడు కట్టినాడు గదా, ఈపాలి దూరం ఎల్తానన్నాడు" అంది. యారాడ కొండ వెనక ఆకాశం సీసం రంగుకు తిరుగుతోంది. మూడు రోజుల ముందే నీళ్ళూ బియ్యమూ సర్దుకుంటే తప్ప కదలని మసేను, ఆ గంజి గిన్నె ఒక్కటే పడవలో పెట్టుకుని కట్టుతాడు విప్పాడు.