బీట్‌రూట్ రసం తెచ్చిన గండం

మొన్నటి వానాకాలం నాకు డెంగీ వచ్చింది. రంగూన్‌లోని పబేడాన్‌లో, మూడో అంతస్తు ఇంట్లో, నేనూ మా మామ్మా ఉంటాం. వాంతిలో రక్తం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలని రాసి ఆరోగ్య కార్యకర్తలు ఇచ్చిన కాగితాన్ని మామ్మ ఫ్రిజ్‌కి అతికించింది. నాకు రక్తం పట్టాలని పూటపూటా బీట్‌రూట్ రసం తాగించిందీ ఆవిడే.

ఐదో రోజు మధ్యాహ్నం జ్వరం దిగింది. బతికానని లేచి కూర్చోగానే వాంతయింది. బేసిన్ నిండా ఎరుపు.

"ఓలమ్మో, రగతంరా" అంది మామ్మ.

కాగితంలో ఉన్నట్టే ఆసుపత్రికి బయల్దేరాం. టాక్సీలో, నా ఫోన్ పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదే అని దిగులుపడ్డాను. నేను పోయాక చూసేంత గొప్ప విషయాలేవీ అందులో లేవు.

ఏం తాగాడని డాక్టరమ్మ అడిగితే బీట్‌రూట్ రసమని మామ్మ గర్వంగా చెప్పింది. నేను హమ్మయ్య అనుకుని నవ్వాను. డాక్టరమ్మ నవ్వలేదు. డెంగీలో ఎర్రటివేవీ తాగించకూడదట; ఏది రసమో ఏది రక్తమో తెలియకుండా పోతుందట. తేలేదాకా ఉండమంది.

"నానే నిన్ను సంపేసీదాన్ని కదేట్రా" అంటూ మామ్మ నా చెయ్యి పట్టుకుంది.

"దానికి నీ ఉప్మా చాలదేటి మామ్మా" అన్నాను. జోకు పేలలేదు.

చీకటిపడే వేళకి రక్తం కాదని తేల్చారు. మామ్మ కళ్లు తుడుచుకుని, నేరుగా పక్క మంచం మీది డెంగీ రోగి దగ్గరికెళ్లి, వాళ్ల దానిమ్మ రసం సీసా లాక్కుంది. కాగితం చెప్పని సంగతి మామ్మకి నా వాంతి నేర్పింది.