దాలమ్మకు పడని కందులు

ఆశా కార్యకర్త ఈశ్వరి నీలం రంగు పెట్టె పట్టుకుని కాపుల వీధిలోంచి నడిచి వస్తోంది. దాలమ్మ అరుగు మీద కూర్చుని కందికాయలు ఒలుస్తోంది. చలికాలం చివరి రోజులు. ఎండ ఉంది గానీ అందులో వేడి లేదు. లోపల గదిలోంచి ఆరేళ్ళ మనవరాలు అరుణశ్రీ మూలుగు ఆగి ఆగి వినిపిస్తోంది.

"ఎక్కడికే ఈశ్వరీ, పెట్టి పట్టుకుని?"

"గదబలిళ్ళకి మామ్మా. నెత్తురు పరీచ్చలు సేస్తన్నారు. కొండజాతోలికి సికిల్ సెల్లని ఒక జబ్బు వస్తాదంట. ఎముకలు నొప్పులు, ఒళ్ళు పాలిపోవడం. సలికి మరీ ఎక్కువవుతాదంట."

"మరి మన ఈదిలో?"

"మనకేటి పని? ఈ ఈదిలో ఆగమని సెప్పనేదు మామ్మా."

దాలమ్మ చేతిలో కందికాయ అలాగే ఉండిపోయింది. ఒకసారి ఇటొచ్చి మా గుంటకి కూడా చూసి వెళ్ళమందామనుకుంది. నోరు తెరిచింది కూడా. చివరికి, "సరే ఎల్లు, పొద్దెక్కిపోతాది" అంది.

బొబ్బిలి నుంచి రాజాం పోయే దారిలో ఉంటుందా ఊరు. ఎవరి వీధి వారిది. కాపుల వీధి, దాని పక్కన వెలమల వీధి, చెరకు తోటల వైపు యాతలు, పంచాయతీ ట్యాంకు దాటాక రెల్లి పేట, అన్నిటికీ చివర గదబల ఇళ్ళు. ఊళ్ళో ఫలానా వాళ్ళిల్లు ఎక్కడ అంటే ముందు వీధి చెబుతారు, ఆ తర్వాతే పేరు. వీధిని బట్టి మనిషి ఎవరో తెలిసిపోతుందని అందరి నమ్మకం. ఈశ్వరి కూడా ఆ నమ్మకంతోనే ఏ గుమ్మమూ తట్టకుండా వీధి దాటిపోయింది.

అరుణశ్రీకి రెండో ఏడు నుంచీ నొప్పులు. చల్లటి నీళ్ళు పోసుకున్నా, వానలో తడిసినా, కాళ్ళూ చేతులూ పట్టుకుని ఏడుస్తుంది. బొబ్బిలిలో ఒక క్లినిక్‌లో వాతపు నొప్పులన్నారు. ఇంకోసారి టైఫాయిడ్ అన్నారు. నెత్తురు లేదని ఎర్ర టానిక్ రాశారు. ఎదిగే పిల్లకి ఇవన్నీ మామూలేనని వీధిలో ఆడవాళ్ళు తేల్చేశారు. ఎవరేమన్నా పిల్ల ఏడుపు మాత్రం తగ్గలేదు. పిల్లకి నొప్పి వచ్చినప్పుడల్లా దాలమ్మ పొయ్యి మీద ఇసక వేయించి, పాత పంచె ముక్కలో మూటగట్టి మోకాళ్ళకి కాపడం పెడుతుంది. ఆ పని ఆమెకి ఎవరూ చెప్పలేదు. చిన్నప్పుడు తమ్ముడికి పెట్టేది.

ఆ తమ్ముడి సంగతి ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు.

దాలమ్మ పుట్టింది సాలూరు అవతల కొండ మీద, ఇప్పలగూడలో. జాతాపులనే కొండజాతి పిల్ల. వాళ్ళది తెలుగే కాబట్టి మాట వల్ల పట్టుబడే భయం లేకపోయింది. ఈ వీధి కాపు సోములు అప్పట్లో బండి కట్టుకుని చింతపండు, కొండచీపుళ్ళు కొనడానికి కొండ కింద సంతకి వచ్చేవాడు. రెండు మూడు సంతలయ్యాక చింతపండుతో పాటు ఆమెనీ బండి మీద తీసుకొచ్చేశాడు. సాలూరు పక్క కాపుల పిల్లనీ, తల్లీ తండ్రీ లేరనీ ఇంట్లో చెప్పాడు. అత్త ఆమె చెవుల్లో వరసగా కుట్టిన రంధ్రాలు చూసింది, మెడలో పూసల దండలు చూసింది. కొడుకుని ఏమీ అడగలేదు. మర్నాడు కోడలి పూసలు విప్పించి, "ఈ గుమ్మం తొక్కినావు కదా. అటేపు మరి తిరిగి సూడకు" అంది. అంతే. దాలమ్మ తిరిగి చూడలేదు.

చూడకపోవడం కూడా ఒక పనే. పొలంలో కలుపు తియ్యడం, చోళ్ళు విసరడం, పిల్లల్ని పెంచడం లాగే అదీ రోజూ చెయ్యాల్సిన పని. పెళ్ళిళ్ళలో పుట్టింటి వారెవరని అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాలి. పనికొచ్చిన కొండవాళ్ళు దింసా ఆడుతుంటే పాదం కదలకుండా నిలబడాలి. అన్నిటికీ అలవాటు పడిపోయింది గానీ ఒక్కటి మాత్రం ఆమె వల్ల కాలేదు. కొత్త కందులు. కొండ మీద కందికొత్త పండగ చేసి దేవతకి పెట్టనిదే కొత్త కందులు ఎవరూ నోట పెట్టరు. ఆ పండగ వెళ్ళిపోయి ఉంటుందని తనకి తోచేదాకా దాలమ్మ ఆ పప్పు ముట్టుకునేది కాదు. కడుపులో పడదని చెప్పేది. కోడలు కుమారి ఏటేటా నవ్వేది. "మా అమ్మమ్మ కడుపు చిత్రం. పాత కందులైతే రాళ్ళు కూడా అరిగిపోతాయి. కొత్తవి సూస్తే సాలు, నొప్పి."

అవును, అమ్మమ్మే. కుమారి దాలమ్మ పెద్ద కూతురు లక్ష్మణమ్మకి పుట్టిన పిల్ల. చిన్న కొడుకు దేవేంద్రకి బయటి సంబంధాలు వచ్చినప్పుడు దాలమ్మ దేనికీ ఒప్పుకోలేదు. పైవాళ్ళు వస్తే ఇంటిపేరు అడుగుతారు, తల్లి తరఫు అడుగుతారు, ఊరు అడుగుతారు. మేనకోడలినే చేసుకుంటే ఎవరూ ఏమీ అడగరు. ఆ పెళ్ళయిన రోజు ఆమె ఆదమరిచి నిద్రపోయింది.

అరుణశ్రీ తండ్రి దేవేంద్ర లారీ డ్రైవరు. సాలూరులో లోడెక్కించుకుని రాయపూర్ పోయి వస్తుంటాడు. ఈశ్వరి పెట్టె పట్టుకుని వెళ్ళిన మర్నాడు ఇంటికి వచ్చేసరికి పిల్ల కళ్ళు పచ్చబడి ఉన్నాయి. బండి దిగినవాడు దిగినట్టే పిల్లని భుజాన వేసుకున్నాడు.

"పారాతీపురం పెద్దాసుపత్రికి ఎల్దాం పద" అన్నాడు కుమారితో.

"నేనూ వస్తాను" అంది దాలమ్మ.

"నువ్వెందుకమ్మా? ఆటోలో నడుం విరిగిపోతాది."

"విరిగితే విరగనీ."

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నది. ముఖాన నిద్రలేమి కనిపిస్తోంది. పాత చీటీలన్నీ తిరగేసింది. పిల్ల కనురెప్ప కిందికి లాగి చూసింది, కడుపు నొక్కి చూసింది.

"మీ ఇళ్ళల్లో గిరిజనులెవరైనా ఉన్నారా? అమ్మ తరఫు గానీ, నాన్న తరఫు గానీ?"

దేవేంద్రకి ముఖం ఎర్రబడింది. "మేం కాపులం మేడం. తాత ముత్తాతల కాడ్నుంచీ అదే ఊరు."

"తప్పుగా అనుకోకండి, అందరినీ అడుగుతాం. సరే అయితే, వేరే పెద్ద పరీక్షలు కొన్ని ఉన్నాయి, విశాఖ రాస్తాను. కొన్నాళ్ళు అటూ ఇటూ తిరగాల్సి వస్తుంది."

ఆమె కలం తీసింది. బల్ల మీద అరుణశ్రీ కాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది, అచ్చం తమ్ముడు పడుకునేటట్టే. వాడు ఆ పిల్ల వయసు దాటి ఎక్కువ కాలం బతకలేదు. ఇన్నేళ్ళూ మోసినదాన్ని ఎక్కడో ఒకచోట దించాలి. దాలమ్మ స్టూలు ముందుకి జరుపుకుని కూర్చుంది.

"నేనున్నాను" అంది.

"ఏంటమ్మా?"

"నేను జాతాపు మనిషిని. ఇప్పలగూడ మాది. నా తమ్ముడూ ఇలాగే ఏడిసి ఏడిసి పోనాడు."

దేవేంద్ర తల్లి వైపు చూశాడు, కుమారి వైపు చూశాడు, ఆపైన కిటికీ బయటికి చూస్తూ ఉండిపోయాడు. కుమారికి ఆ మాటలు చెవిన పడ్డాయో లేదో తెలియదు. "అయితే ఆ పరీచ్చ సెయ్యండి మేడం, బేగి సెయ్యండి" అంది.

అందరి దగ్గరా నెత్తురు తీశారు. సాయంత్రానికి తేలింది. పిల్లకి ఉన్నది ఆ జబ్బే. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదనీ, తల్లి నుంచి ఒక పాలూ తండ్రి నుంచి ఒక పాలూ కలిస్తేనే బయటపడుతుందనీ డాక్టరమ్మ చెప్పింది. ఒకటే పాలున్న మనిషికి అది ఉందనే తెలియదు. రోజూ మాత్ర వెయ్యాలి, నీళ్ళు బాగా తాగించాలి, చలి తగలనివ్వకూడదు. "మీరిద్దరూ చుట్టాలా?" అని అడిగింది.

"మేనమామని" అన్నాడు దేవేంద్ర, గోడకి చెబుతున్నట్టు.

ఆమె చీటీ మీద ఆ మాట రాసుకుంది. దాలమ్మకి విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. కొడుక్కి ఇచ్చినదీ తనే, కూతురి ద్వారా కుమారికి ఇచ్చినదీ తనే. ఆ రెంటినీ ఒకచోట కూర్చినదీ తనే.

తిరుగు ప్రయాణంలో దేవేంద్ర ఆటో డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వీరఘట్టం వైపు పోయే బస్సు ఒకటి దాటిపోయాక, వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"నాన్నకి తెల్సా?"

"మీ నాన్నే కదేటి నన్ను తీసుకొచ్చింది."

పిల్ల కుమారి ఒళ్ళో నిద్రపోతోంది. కుమారి మెల్లిగా అంది, "అయితే అమ్మమ్మా, నీకు కందులు పడకపోడం కాదన్నమాట."

"పడతాయి" అంది దాలమ్మ.

కుమారి నవ్వబోయి ఆగిపోయింది.

ఆ తర్వాతి వారమంతా ఫోన్లే. రాజాంలో ఉన్న లక్ష్మణమ్మకి కూడా పరీక్ష చేయించాలి, ఆమె మిగతా పిల్లలకీ చేయించాలి. ఆ మాట చెప్పగానే ఆమె ఫోన్లోనే విరుచుకుపడింది. నా కొంప ముంచేశావు, అత్తోరింట్లో ఏ ముఖం పెట్టుకు తిరగమంటావు అంది. దాలమ్మ ఫోను చెవికి కాస్త దూరంగా పట్టుకుని అంతా విన్నది.

"అరిసీ తల్లీ, అరిసీ. అరిసీసినాక వొచ్చి నెత్తురిచ్చీసి ఎల్లు. నీ పిల్లల్ని కూడా తీసుకురా."

దేవేంద్ర మళ్ళీ లారీ ఎక్కాడు. వెళ్ళేటప్పుడు తల్లికి చెప్పి వెళ్ళడం అలవాటు. ఈసారి చెప్పలేదు. కానీ పిల్లకి స్వెట్టరూ, ఉన్ని మేజోళ్ళూ కొని అరుగు మీద పెట్టి వెళ్ళాడు. సంగతి బయటికి పొక్కి, వీధిలో ఒకరిద్దరు ఆడవాళ్ళు మాట కలపడం తగ్గించారు. ఒకావిడ మాత్రం చాటుగా ఈశ్వరిని పిలిచి తన మనవడికి కూడా చూడమంది, ఊరికే, అనుమానం తీరడానికే.

మంచు దిగిన ఒక పొద్దున్న అరుణశ్రీకి మళ్ళీ మోకాళ్ళు లాగాయి. కుమారి మాత్ర వేసి, చెంబుడు గోరువెచ్చని నీళ్ళు తాగించింది. దాలమ్మ ఇసక వేయించుకుని వచ్చి పక్కన చతికిలబడింది.

"మామ్మా, మీ తమ్ముడికి ఈ మాత్రలుండీవా?"

"నేవే."

"మరేటుండీది?"

"ఇసకే."

పిల్ల కాసేపు ఆలోచించింది. తర్వాత రెండో కాలు కూడా మామ్మ ఒళ్ళో పెట్టింది.