కేశవరావు కళ్ళు తిరిగి పడిన కథ

సిడ్నీ శివార్లలోని కెల్లీవిల్‌లో ఉండే కేశవరావుకి ఒక్కటే జబ్బు. నలుగురు కనిపిస్తే చాలు, తన పరువు తానే తీసుకుంటాడు. అదీ ఒకే కథతో. హిమాలయాల్లో స్పితి లోయ చూడ్డానికి వెళ్తూ, పదిహేను వేల అడుగుల ఎత్తున కళ్ళు తిరిగి పడిపోయిన కథ.

పక్కవీధి హరిప్రియ ఆ కథ మొదటిసారి ఎవరిదో బర్త్‌డే పార్టీలో విని నిర్ఘాంతపోయింది.

"ఊరికే పడలేదమ్మా. పడేముందు ఒక కేక పెట్టాను. అక్కడ మేస్తున్న జడలబర్రె బెదిరి ఇప్పటిదాకా తిరిగి రాలేదట. డ్రైవర్ దోర్జే ఒక్కడే నన్ను బియ్యం బస్తాలా భుజానేసుకున్నాడు."

వినాయకచవితికి మోసినవాళ్ళు నలుగురయ్యారు. దీపావళికి ఆయన్ని జడలబర్రె మీద అడ్డంగా వేసి కట్టారు.

"మనుషులు మోశారన్నారు కదంకుల్?"

"వాళ్ళు చేతులెత్తేశాకే బర్రెని పిలిచారు."

ఆయన భార్య సత్యభామ రోజూ పొద్దున్నే వీధిలో ఆడవాళ్ళందర్నీ వెంటేసుకుని ఎనిమిది కిలోమీటర్లు నడిపించే మనిషి. "మీ అంకుల్ పుణ్యమా అని చంద్రతాల్ సరస్సు చూడకుండానే దిగొచ్చాం. ఈయనకి మెట్లెక్కితేనే ఆయాసం" అనేది. కేశవరావు వినయంగా తలూపేవాడు.

ఈ జూన్‌లో హరిప్రియ కూడా లీవ్ పెట్టి స్పితికి బయల్దేరింది. సత్యభామ దగ్గర దోర్జే నంబరు తీసుకుందని తెలిసి కేశవరావు మొహం మాడిపోయింది.

"వేరే డ్రైవర్ని చూసుకోకూడదూ? అతను నోరు తెరిస్తే మూయడమ్మా."

స్పితి దారి పట్టగానే హరిప్రియ జీపు కిటికీకి అతుక్కుపోయింది. చెట్టన్నది లేని మట్టిరంగు కొండలు. జీపు పట్టేంత రోడ్డు, పక్కనే లోయ, అడుగున దారప్పోగులా నది. కనుమ మీద దిగి పది అడుగులు వేసేసరికి గుండె దడదడలాడింది. అప్పుడు దోర్జే హిందీలో అడిగాడు.

"ఆస్ట్రేలియా అంకుల్‌కి నడుంనొప్పి తగ్గిందా మేడం?"

"నడుమేంటి? ఆయన కళ్ళు తిరిగి కదా పడిపోయారు?"

దోర్జే ఆమెను వింతగా చూశాడు. "ఆయనా? పడిపోయింది ఆంటీ. కింద వాగు పొంగి జీపు ఆగిపోయింది. అంకుల్ ఆవిడని శాలువాతో వీపుకి కట్టుకుని మోకాటిలోతు మంచునీళ్ళు దాటారు. నేను మోస్తానన్నా ఇవ్వలేదు."

హరిప్రియ రోడ్డుపక్క రాతిమీద కూలబడింది. ఈసారి కారణం ఎత్తు కాదు.

సిడ్నీ తిరిగొచ్చిన ఆదివారం కేశవరావు ఇంట్లో బార్బెక్యూ. ఆయన ఒక్కడే నిలబడి మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నాడు. హరిప్రియ దగ్గరికెళ్ళి నెమ్మదిగా అంది. "మీ నడుంనొప్పి ఎలా ఉందని దోర్జే అడిగాడంకుల్."

పట్టకారు ఆగిపోయింది. ఆయన ఇంటివైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

"మీ ఆంటీకి ఏమీ గుర్తులేదమ్మా. కింద ఊళ్ళో ఆక్సిజన్ పెడితే ఊపిరి కుదుటపడి నిద్రపోయింది. ఇక చాలని డాక్టరు గొట్టం తీశాడు. ఆవిడ కళ్ళు తెరిచేలోగా అది నా ముక్కుకి తగిలించుకుని పక్కమంచం ఎక్కేశాను. 'నీకేం కాలేదు, నాకు సేవ చేసి చేసి నిద్రపోయావు' అన్నాను. నమ్మింది."

"ఎందుకంకుల్ ఇదంతా?"

"నిజం తెలిస్తే భయపడి నడక మానేస్తుంది. అయినా నన్ను మోశారంటే జనం నవ్వుతారు. ఆవిడని మోశారంటే 'అయ్యో పాపం' అంటారు. ఆవిడకి అది పడదు."

ఇంతలో సత్యభామ ప్లేట్లు పట్టుకొచ్చింది. "ఏం హరిప్రియా, దోర్జేకి మేం గుర్తున్నామా?"

కేశవరావు హరిప్రియ వంక బతిమాలుతున్నట్టు చూశాడు.

"అంకుల్ బాగా గుర్తున్నారట ఆంటీ."

"ఎందుకుండరు? అంత బరువు మోసినవాళ్ళు జన్మలో మర్చిపోతారా?"

"మర్చిపోరు సత్యా" అంటూ కేశవరావు బాగా కాలిన పొత్తు ఏరి ఆవిడ ప్లేట్లో వేశాడు.