ఎండిన బోరు పక్కన సఫియా మేడం

మొన్న మా శిక్షణ తరగతి గదిలో పాత బీరువా ఖాళీ చేస్తుంటే ఒక అట్ట గొట్టం మూత ఊడి, లోపలి నుంచి ఫొటో కాగితం వాసన వచ్చింది. కాస్త పుల్లగా, ముక్కుకు తగిలీ తగలనట్టుండే మందు వాసన. ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే పిల్లలకు ఆ వాసన తెలియదు. ఉపగ్రహాలు తీసిన బొమ్మలు వాళ్లకు కంప్యూటర్ తెర మీదే కనబడతాయి, చూడటం అయిపోగానే అక్కడే మాయమవుతాయి. నేను ఆ గొట్టం పట్టుకొని విశాఖ ఎండ పడుతున్న కిటికీ దగ్గర కాసేపు నిలబడ్డాను. మహబూబ్‌నగర్‌లో ఒక వెనక గది, ఆ గదిలో బల్ల మీదికి వంగి ఒక్కరే కూర్చున్న సఫియా మేడం గుర్తొచ్చారు.

ఎనభైల చివర్లో నాకు అక్కడ మొదటి ఉద్యోగం దొరికింది. నేల లోపలి నీళ్లు వెతికి, ఏ ఊరిలో ఎక్కడ బోరు వేయాలో చెప్పే ఆఫీసు. నేను భూగర్భశాస్త్రం చదివి నార్కట్‌పల్లి నుంచి వచ్చాను. అక్కడ హైవే పక్కన మా బాపుకు, అంటే నాన్నకు, లారీల టైర్లు బాగుచేసే దుకాణం ఉండేది. ఆఫీసులో నేను, నా పై అధికారి సఫియా మేడం తప్ప అందరూ మగవాళ్లే. ఆమెకు అప్పటికే యాభై దగ్గరపడ్డాయి. పెళ్లి చేసుకోలేదు. స్టేషన్ వైపు ఒక గది కిరాయికి తీసుకొని ఉండేవారు. అన్న కుటుంబం జడ్చర్లలో ఉండేది, పండుగలకు వెళ్లి మరునాడే తిరిగొచ్చేవారు. ముందు గదిలో ఫ్యాను కింద అందరూ చాయ్ తాగుతూ నవ్వుకుంటుంటే ఆమె వెనక గదిలో బొమ్మలు చూసుకుంటూ ఉండేవారు. ఎవరూ ఆమెను వెళ్లగొట్టలేదు. అలాగని రమ్మని పిలవనూ లేదు.

ఆ గదిలో రెండు రకాల బొమ్మలు ఉండేవి. ఉపగ్రహం తీసిన పెద్ద కాగితపు బొమ్మల్లో జిల్లా అంతా బల్ల మీద పరుచుకునేది. వాటిలో చెట్లూ పైర్లూ ఎర్రగా, నీళ్లు నల్లగా, ఎండిన నేల బూడిద రంగులో కనబడేవి. రెండో రకం విమానం నుంచి తీసిన ఫొటోలు. ఒకే చోటును రెండు పక్కల నుంచి తీసిన ఫొటోలను జతగా పెట్టి, చిన్న కాళ్ల మీద నిలబడే రెండు అద్దాల పరికరంలోంచి చూడాలి. చూపు కుదిరితే గుట్టలు ఉబ్బెత్తుగా పైకి లేస్తాయి. నాకు ఎన్నాళ్లు చూసినా రెండు ఫొటోలు రెండుగానే ఉండేవి. నా కళ్లలోనే ఏదో లోపం ఉందని బెంగపడ్డాను.

“గట్ల గుంజి చూడకు సునీతా,” అన్నారు మేడం ఒకరోజు. “కండ్లను వదిలెయ్. దూరంగ ఎటో చూస్తున్నట్టు ఉండు. గుట్ట దానంతట అదే లేస్తది.”

లేచింది. ఎంత హఠాత్తుగా లేచిందంటే కంట్లో గుచ్చుకుంటుందేమోనని తల వెనక్కి లాక్కున్నాను. ఆమె చప్పుడు లేకుండా నవ్వారు. తర్వాత అద్దాలు తుడుస్తూ, “నాకు గిది చెప్పెటోళ్లు లేకుండె. ఒక్కదాన్నే కూసోని నేర్చుకున్న. లేచిననాడు ఎవరికన్న చూపిద్దమని ముందు రూముకు పోయిన. అందరు పనిల ఉన్నరు,” అన్నారు. ఆ మాట ఆమె మామూలుగానే చెప్పారు. నాకు మాత్రం చాలా రోజులు మనసులో మెదులుతూనే ఉంది.

మక్తల్ వైపు ఒక ఊరికి బోరు మంజూరైంది. అక్కడ ఆడవాళ్లు నీళ్ల కోసం పక్క ఊరికి నడిచేవాళ్లు. బొమ్మలో ఆ ఊరి చేల మీదుగా ఎర్రటి చుక్కలు గీత గీసినట్టు తిన్నగా సాగిపోయాయి. నేల లోపల రాయి పగిలిన చోట నీళ్లు చేరతాయి, ఆ తేమకు పైన చెట్లు మొలుస్తాయి. అది అలాంటి పగులే అనుకొని మేడం చోటు గుర్తుపెట్టారు. లారీ మీద బోరు మిషన్ వచ్చింది. పొద్దంతా తెల్లటి రాతిపొడి ఎగజిమ్మింది. చెట్ల మీద, మా జుట్టు మీద, చుట్టూ నిలబడ్డ జనం మీద ఆ దుమ్మే. చుక్క నీరు రాలేదు.

మిషన్ ఆగిపోయాక డ్రైవర్ జీపు తలుపు తెరిచి, “ఎక్కుండ్రి మేడం, పోదాం,” అన్నాడు. అలాంటప్పుడు అందరూ చేసేది అదే. కానీ ఆమె ఎక్కలేదు. కొంగుతో ముఖం మీది దుమ్ము తుడుచుకొని జనానికి ఎదురుగా వెళ్లి నిలబడ్డారు.

“గీ జాగా చూపెట్టింది నేనే. నేనే తప్పు చూసిన. మిషన్ తప్పు లేదు, మీ నసీబు తప్పు లేదు.”

“గట్లయితే ఎందుకొచ్చినవమ్మా?” అని ఒకాయన గట్టిగా అడిగాడు. ఎవరో నవ్వారు. ఇంకెవరో ఆడవాళ్లకు ఈ పనులెందుకన్నారు. నేను భయంతో జీపు పక్కనే ఉండిపోయాను. మేడం ఒక్క మాటకూ ఎదురు చెప్పలేదు, అక్కడి నుంచి కదలనూ లేదు. అందరూ అనాల్సింది అని అలిసిపోయాక, ఖాళీ బిందె చంకన పెట్టుకున్న ఒక అవ్వ ముందుకొచ్చింది.

“మల్ల జూస్తవా బిడ్డా?”

“చూస్త, అవ్వా.”

తిరిగొచ్చాక చాలా రోజులు ఆమె ఆ ఒక్క బొమ్మ ముందే కూర్చున్నారు. తర్వాత ఇద్దరం ఆ గీత వెంట చేలకు అడ్డంగా నడిచాం. ఒకచోట, కంది చేను చివర, తెల్లరాయి మధ్యలో నల్లరాయి బయటపడి ఉంది. అది పగులు కాదు. నేల లోపల అడ్డంగా గోడలా నిలిచిన మరో రాయి. పల్లానికి జారే నీళ్లను అది ఆపేస్తుంది. గోడకు పైపక్కన నీళ్లుంటాయి. మేము కిందిపక్కన బోరు వేశాం.

ఆమె ఆ నల్లరాయి మీద కూర్చుండిపోయారు. “గంత పైనుంచి గీ తేడా కనబడదు. నడిస్తే కనబడేది. నడవకముందే చెప్పిన,” అన్నారు.

రెండో బోరుకు అనుమతి కోసం ఆమె ఎన్నిసార్లు హైదరాబాద్ తిరిగారో నాకు లెక్క తెలియదు. అది వచ్చేసరికి ఎండాకాలం నడుస్తోంది. గోడకు పైపక్కన వేశాం. నీళ్లు పొంగి చేలోకి పారాయి. కానీ చూడటానికి పది మంది కూడా లేరు. సగం ఇళ్లకు తాళాలు. అందరూ బొంబాయికి కూలికి వెళ్లిపోయారు. ముసలివాళ్లు మాత్రం మిగిలారు. ఆ అవ్వ దోసిలి పట్టి తాగి, తడి చేతులతో మేడం చెంపలు నిమిరింది. “పోయినోల్లకు ఎట్ల చెప్పాలె బిడ్డా,” అంది.

తిరుగుదారిలో మహబూబ్‌నగర్ దగ్గరపడింది. అప్పుడు మేడం బయటికి చూస్తూనే అన్నారు: “బొమ్మల చూస్తే ఊరు గింత మచ్చ, సునీతా. మనుషులున్నా గంతే, పోయినా గంతే.”

మరుసటి ఏడు ఉపగ్రహ చిత్రాలు చదవడం నేర్పే శిక్షణకు మా ఆఫీసు నుంచి ఒకరిని పంపమన్నారు. ఉత్తరాదిన, కొండల మధ్య ఊరిలో, నెలల తరబడి సాగే చదువు. మేడం ఎప్పటినుంచో కోరుకున్నది అదే. అంతకుముందు అడిగినప్పుడల్లా ఒంటరి ఆడమనిషిని అంత దూరం ఎలా పంపుతామని పై అధికారులు అన్నారట. ఇప్పుడేమో వయసు దాటిందన్నారు. ఆమె నా పేరు రాసి పంపారు. మా బాపు ఒప్పుకోడని నేను చెబితే, ఒక ఆదివారం బస్సెక్కి నార్కట్‌పల్లికే వచ్చేశారు. బాపు చేతుల నల్లటి గ్రీజు గుడ్డకు తుడుచుకొని ఆమెకు స్టూలు వేశాడు.

“దీని పెండ్లి చెయ్యాలె గదమ్మా,” అన్నాడు.

“పెండ్లి యాడికి పోదన్నా. గీ సీటు పోతది.”

బాపు గుడ్డ పక్కన పెట్టి, “మరి మీరెందుకు పోలే?” అని అడిగాడు.

“నన్ను పంపలే,” అన్నారామె.

రోడ్డు మీద లారీలు వెళ్తున్నాయి. ఇద్దరూ వాటినే చూస్తూ కూర్చున్నారు. చాయ్ తాగి గ్లాసు కింద పెట్టేలోపే బాపు సరేనన్నాడు.

ఆ శిక్షణలో నేను మొదటిసారి సముద్రాన్ని బొమ్మలో చూశాను. నీటి పైపొర ఎక్కడ వెచ్చగా ఉందో, ఎక్కడ చల్లగా ఉందో రంగుల్లో తెలుస్తుంది. ఆ రెండూ కలిసే చోట చేపలు చేరతాయని చెప్పారు. చదువు అయ్యాక విశాఖ తీరంలో, జాలర్లకు అలాంటి పటాలు తయారుచేసే కొత్త పనిలో నన్ను తీసుకున్నారు. చెప్పిపోదామని మహబూబ్‌నగర్ వెళ్లాను. మేడం అదే గదిలో, అదే కుర్చీలో ఉన్నారు. సంతోషించారు. పటాలు ఎలా గీస్తారో అంతా అడిగి తెలుసుకున్నారు. చివరికి ఒక్క ప్రశ్న వేశారు.

“ఈడ తప్పు చూస్తే బోరు ఎండి చెప్తది. సముద్రంల ఎట్ల తెలుస్తది?”

ఆ ప్రశ్నను వెంటపెట్టుకొనే రైలెక్కాను.

తొంభైల చివర్లో, రిటైర్ అయ్యాక, ఆమె ఒక్కసారి విశాఖ వచ్చారు. సముద్రం చూడటం అదే మొదలు. కాసేపు చూసి, “పెద్దగనే ఉన్నది,” అని, చేపల రేవుకు తీసుకుపొమ్మన్నారు. ఆ పొద్దున పడవలు దాదాపు ఖాళీగా తిరిగొచ్చాయి. ఒక పడవ మీంచి దిగుతున్న పెద్దాయన, అక్కడ బోర్డుకు అంటించిన మా పటాన్ని చూపించి, “దీన్ని నమ్ముకునే ఎల్లాం. డీజిలు దండగ,” అని పక్కవాడితో అన్నాడు. నేను ఆమెను పక్కకు తీసుకెళ్లబోయాను. ఆమె నా మోచెయ్యి పట్టుకొని ఆయన ముందుకు నడిపించారు.

“అన్నా, ఆ బొమ్మ గీసింది గీమెనే. జర ఈమెతోని చెప్పు.”

ఆయన చెప్పాడు. మెత్తగా ఏమీ చెప్పలేదు. ముందురోజు గాలి మారిందని, మా పటం ఆ పాటికే పాతబడిందని నాకు ఆ మాటల్లోనే తెలిసింది. మేడం కొంచెం వెనక్కి జరిగి, చేతులు కట్టుకొని నిలబడ్డారు. అటు తర్వాత ఆమెను నేను మళ్లీ చూడలేదు.

ఆమె పోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. జడ్చర్ల వెళ్లి ఆమె అన్నయ్యను కలిశాను. పెద్దవారు, మర్యాదగా కూర్చోబెట్టారు. “మా చెల్లె ఏం పని చేసేదో మాకు సమజ్ కాలేదమ్మా. నీకు ఎరుకనే గద, జర చెప్పు,” అని అడిగారు. నేను చెప్పడం మొదలుపెట్టాను. గుట్ట లేవడం, నల్లరాతి గోడ, తాళాలు వేసిన ఇళ్లు. సగంలో ఎవరో చుట్టాలు వచ్చారు, మాట మారింది. తిరిగి వచ్చే బస్సులో మిగతా సగం నాకు నేనే చెప్పుకున్నాను.

ఇప్పుడు పటాలు జాలర్ల చేతి ఫోన్లకే వెళ్తున్నాయి. రేవుకు వెళ్లాల్సిన పని మా ఆఫీసులో ఎవరికీ లేదు. అయినా పటం తప్పిందని అనుమానం వచ్చిన రోజు తెల్లవారగానే నేను వెళ్తాను. ఎవరినైనా తోడు రమ్మంటే మొహమాటానికి ఒకసారి వస్తారు, మరోసారి రారు. తిట్లు తినడానికి పొద్దున్నే ఎవరు లేస్తారు? ఒక్కదాన్నే గట్టు మీద నిలబడతాను. పడవలు దగ్గరికి వస్తుంటే, లోపల ఎంత సరుకుందో ముందు మనుషుల ముఖాల్లో తెలుస్తుంది. తాడు విసిరేవాళ్లకు అడ్డం లేకుండా కొంచెం పక్కకు జరుగుతానే గాని, వెనక్కి తిరిగి వెళ్లిపోను.